కరెంటు పోతే లేవని ఎస్ఎస్‌హెచ్: తెనాలి సర్వర్ డైరీ

ఆగస్టు 21, 2024, బుధవారం

రాత్రి 11:20కి ఫోన్‌లో అలర్ట్ మోగింది. తెనాలి నుంచి బ్యాకప్ రాలేదు.

ముందుగా ఈ మెషిన్ సంగతి చెప్పాలి. మా బాబాయికి తెనాలిలో ఎరువులు, పురుగుమందుల షాపు ఉంది. కౌంటరు వెనక, యూరియా బస్తాలకీ గోడకీ మధ్య ఒక పాత డెస్క్‌టాప్ కూర్చుని ఉంటుంది. నాలుగు జీబీ ర్యామ్, తిరిగే హార్డ్ డిస్క్, డెబియన్ 12 అనే లినక్స్. మానిటర్ లేదు, కీబోర్డు లేదు. బిల్లింగ్ కంప్యూటర్‌లోని పద్దులు రోజూ రాత్రి దీంట్లోకి కాపీ అవుతాయి, అక్కడి నుంచి హైదరాబాద్‌లో నా దగ్గరికి వస్తాయి. ఊళ్ళో సగం మంది రైతుల అప్పు ఖాతాలు అందులోనే ఉన్నాయి కాబట్టి బాబాయి దీన్ని సర్వర్ అనడు, "మన బీరువా" అంటాడు.

షాపులో ఇంటర్నెట్‌కి సొంత పబ్లిక్ ఐపీ (నెట్‌లో చిరునామా) లేదు, నలుగురితో పంచుకునేదే. బయటి నుంచి నేరుగా వెళ్ళడం కుదరదు. అందుకని ముంబైలో ఒక చిన్న వీపీఎస్ (నెట్‌లో అద్దెకి దొరికే సర్వర్) తీసుకుని, షాపు మెషిన్ నుంచి దానికి వైర్‌గార్డ్ అనే సాఫ్ట్‌వేర్‌తో రహస్య సొరంగం వేశాను. ఆ సొరంగంలో షాపు మెషిన్ చిరునామా 10.8.0.2. నేను ఆ చిరునామాకే ఎస్ఎస్‌హెచ్ చేస్తాను, అంటే దూరం నుంచే లాగిన్ అయి కమాండ్లు కొడతాను.

ఇవాళ చేస్తే ఒక్కటే జవాబు: కనెక్షన్ రిఫ్యూజ్డ్.

ఇది టైమౌట్ కాకపోవడం కాస్త ధైర్యాన్నిచ్చింది. టైమౌట్ అంటే మెషిన్ బతికుందో లేదో కూడా తెలియదు. రిఫ్యూజ్డ్ అంటే అటువైపు కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) బతికే ఉంది, మన పిలుపు అందింది, కాకపోతే 22వ పోర్టు దగ్గర, అంటే ఎస్ఎస్‌హెచ్ ఉండాల్సిన తలుపు దగ్గర, ఎవరూ లేరు. ఉన్నావా అని పింగ్ కొడితే 40 మిల్లీసెకన్లలో బదులొచ్చింది. ఇల్లు ఉంది, లైట్లు వెలుగుతున్నాయి, తలుపు తీసేవాడే లేడు.

తమ్ముడికి ఫోన్ చేశాను. బాబాయి కొడుకు, ఇంటర్ సెకండియర్. ఇల్లు షాపు పైనే.

"కరెంటు ఏమైనా పోయిందారా?"

"ఏడున్నరకి పోయి ఎనిమిదింటికి వచ్చింది అన్నయ్యా. గాలివాన."

యూపీఎస్ పది నిమిషాలు నడిపిస్తుంది, అంతకు మించి దాని వల్ల కాదు. బయోస్‌లో, అంటే మదర్‌బోర్డు సెట్టింగుల్లో, "కరెంటు వస్తే దానంతటదే ఆన్ అవ్వాలి" అని పెట్టి ఉంచాను కాబట్టి మెషిన్ లేచింది. ఎస్ఎస్‌హెచ్ మాత్రం లేవలేదు.

బిల్లింగ్ కంప్యూటర్ మానిటర్ తీసి దీనికి పెట్టమన్నాను. లాగిన్ దగ్గరే మొదటి బ్రేక్ పడింది.

"పాస్‌వర్డ్ కొడుతున్నా ఏమీ పడట్లేదన్నయ్యా. కీబోర్డు పాడైనట్టుంది."

"పడదురా, చుక్కలు కూడా కనిపించవు. గుడ్డిగా కొట్టి ఎంటర్ నొక్కు."

ఆ తర్వాత పావుగంట సేపు ఫోన్‌లో అక్షరాలు చెప్పుకున్నాం. సర్వీసుల సంగతి చెప్పే సిస్టమ్‌సీటీఎల్ అన్న కమాండ్‌ని తెనాలి నుంచి హైదరాబాద్‌కి ఒక్కో అక్షరం చొప్పున మోయడం ఎంత కష్టమో చేసినవాళ్ళకే తెలుసు. మధ్యలో రెండు "ఎస్"లు ఒకటయ్యాయి, "సీ" కాస్తా "డీ" అయింది, ఆఖరికి "సీ ఫర్ క్యాట్" పద్ధతిలోకి దిగాం. వాడు వాట్సాప్‌లో స్టేటస్ ఫోటో పంపాడు. స్క్రీన్ మధ్యలో ట్యూబ్‌లైట్ మెరుపు, కుడివైపు లైన్లన్నీ అంచు దగ్గర తెగిపోయాయి. నాకు స్పష్టంగా కనిపించింది రెండే: ఎర్ర రంగులో ఫెయిల్డ్, దాని కింద స్టేటస్ 255.

255 అంటే ఎస్ఎస్‌హెచ్‌డీ (ఎస్ఎస్‌హెచ్ పిలుపులు అందుకునే ప్రోగ్రామ్) ఏదో తనకి నచ్చక తనే తప్పుకుందని. కాన్ఫిగ్ ఫైల్లో తప్పుంటే ఇలాగే చేస్తుంది. సరే, ఎస్ఎస్‌హెచ్‌డీ మైనస్ టీ కొట్టమన్నాను. అది సర్వీసు మొదలుపెట్టకుండా కాన్ఫిగ్ మాత్రమే చదివి తప్పొప్పులు చెబుతుంది. ముందు కమాండే దొరకలేదంది, ఎందుకంటే అది ఎస్‌బిన్ ఫోల్డర్లో ఉంటుంది, డెబియన్‌లో మామూలు యూజర్ దారిలో ఆ ఫోల్డర్ ఉండదు. ముందు అడ్మిన్ అధికారమిచ్చే సుడో తగిలిస్తే జవాబొచ్చింది: ప్రివిలెజ్ సెపరేషన్ డైరెక్టరీ లేదు, స్లాష్ రన్ స్లాష్ ఎస్ఎస్‌హెచ్‌డీ.

దొరికింది దొంగ అనుకున్నాను. ఫోల్డర్ లేదంటోంది, చేస్తే పోతుంది కదా! ఫోల్డర్ చేసే ఎమ్‌కేడైర్ కమాండ్ చెప్పాను, వాడు కొట్టాడు. మళ్ళీ మైనస్ టీ కొడితే మౌనం, అంటే అంతా బాగుందని అర్థం. సర్వీసు స్టార్ట్ చేయమన్నాను. చేశాడు. నా వైపు నుంచి లాగిన్ అయింది.

12:35. బ్యాకప్ చేత్తో నడిపించి పడుకున్నాను. తమ్ముడికి రేపు ఒక బిర్యానీ బాకీ.

ఆగస్టు 22, గురువారం

బాకీ రెండు బిర్యానీలైంది.

సాయంత్రం 6:10కి మళ్ళీ కరెంటు పోయింది. నిన్న ఖాళీ అయిన యూపీఎస్ సరిగ్గా ఛార్జ్ కాలేదు, నాలుగు నిమిషాలకే చేతులెత్తేసింది. కరెంటు వచ్చింది, మెషిన్ లేచింది, ఎస్ఎస్‌హెచ్ లేవలేదు. అదే రిఫ్యూజ్డ్. తమ్ముడు ఈసారి నేను చెప్పకుండానే ఫోల్డర్ చేసి సర్వీసు స్టార్ట్ చేసేశాడు. లేచింది. "ఇదో మందులాగా ఉందన్నయ్యా, వేస్తే తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది" అన్నాడు.

ఆ మాట దగ్గర నాకు అనుమానం మొదలైంది. స్లాష్ రన్ అనేది డిస్క్ మీద ఉండదు, మెమరీలో ఉంటుంది. రీబూట్ అయితే తుడిచిపెట్టుకుపోతుంది. నిన్న చేసిన ఫోల్డర్ ఇవాళ లేకపోవడంలో వింతేమీ లేదు. మరి మిగతా ప్రపంచంలో డెబియన్ మెషిన్లన్నీ రోజూ ఎలా లేస్తున్నాయి?

సర్వీసు ఫైల్ తెరిచి చూస్తే జవాబు అక్కడే ఉంది. రన్‌టైమ్‌డైరెక్టరీ అని ఒక లైను. సర్వీసు మొదలయ్యే ముందు, సర్వీసులన్నిటినీ లేపే సిస్టమ్‌డీ ఆ ఫోల్డర్ని తనే చేస్తుంది, సర్వీసు ఆగిపోగానే తనే తీసేస్తుంది. అంటే ఎస్ఎస్‌హెచ్ నడవనప్పుడు ఆ ఫోల్డర్ లేకపోవడమే మామూలు. నడవని సమయంలో చేత్తో మైనస్ టీ కొడితే ఆ ఎర్రర్ రాక తప్పదు. సర్వీసు చచ్చిపోవడం వల్ల ఫోల్డర్ పోయింది. నేనేమో ఫోల్డర్ పోవడం వల్ల సర్వీసు చచ్చిపోయిందనుకున్నాను.

మరి నిన్న స్టార్ట్ ఎందుకు పనిచేసింది? ఫోల్డర్ చేయకుండా ఉత్తగా స్టార్ట్ కొట్టినా పనిచేసేదేనా? తమ్ముడిని ఆపి ఆ ఒక్క ప్రయోగం చేయించి ఉంటే నిన్ననే తేలిపోయేది. రాత్రి పన్నెండింటికి, లాగిన్ పడగానే, ఇంకో ప్రయోగం చేద్దామని ఎవరికి అనిపిస్తుంది?

ఆగస్టు 23, శుక్రవారం

ఇవాళ పాత లాగ్‌లు తీశాను. అలవాటు కొద్దీ, లాగిన్‌ల సంగతులుండే ఆథ్ డాట్ లాగ్ ఫైల్ కోసం వెతికితే లేదు. డెబియన్ 12 నుంచి ఆ ఫైళ్ళు రాసే ఆర్‌సిస్‌లాగ్ దానంతటది ఇన్‌స్టాల్ కాదు, అంతా సిస్టమ్‌డీ రాసుకునే జర్నల్‌లోనే. జర్నల్‌సీటీఎల్‌కి మైనస్ బీ మైనస్ వన్ ఇస్తే అంతకుముందు బూట్ తాలూకు లాగ్ చూపిస్తుంది. వాట్సాప్ ఫోటోలో తెగిపోయిన లైను ఇక్కడ నిండుగా ఉంది:

10.8.0.2 మీద 22వ పోర్టుకి బైండ్ విఫలం, క్యానాట్ అసైన్ రిక్వెస్టెడ్ అడ్రస్. దాని కిందే ఫేటల్: క్యానాట్ బైండ్ ఎనీ అడ్రస్. అంటే కూర్చుని వినడానికి ఆ చిరునామా దొరకలేదని.

తలకొట్టుకున్నాను. ఈ గొయ్యి నేను తవ్వుకున్నదే.

జులై 1న ఓపెన్‌ఎస్ఎస్‌హెచ్‌లో రిగ్రెషన్ అనే పెద్ద లోపం బయటపడింది. లాగిన్ కూడా అవ్వకుండానే బయటివాడు రూట్ అధికారంతో (మెషిన్ మీద అన్ని హక్కులతో) కోడ్ నడిపే అవకాశం ఉన్న లోపం. డెబియన్ వాళ్ళు అదే రోజు ప్యాచ్ ఇచ్చారు, నేను వేసుకున్నాను కూడా. అయినా ఆ టెన్షన్‌లో ఇంకో అడుగు వేశాను. షాపు వైఫై పాస్‌వర్డ్ గోడ మీదే రాసి ఉంటుంది, లోడు దింపడానికొచ్చే కుర్రాళ్ళందరి ఫోన్లూ దాని మీదే. వాళ్ళ వైపు నుంచి 22 అసలు కనిపించకూడదని కాన్ఫిగ్‌లో లిజన్‌అడ్రస్ 10.8.0.2 అని పెట్టాను. సొరంగంలోంచి వచ్చే వాళ్ళకి తప్ప ఎవరికీ తలుపు ఉండదు. సర్వీసు రీస్టార్ట్ చేశాను, ఇంకో టెర్మినల్ నుంచి లాగిన్ చూసుకున్నాను, చక్కగా పనిచేసింది. అది జులై 3. అప్పటి నుంచి 49 రోజులు మెషిన్ ఒక్కసారీ రీబూట్ కాలేదు.

రీస్టార్ట్ చేసినప్పుడు వైర్‌గార్డ్ ముందే లేచి ఉంది, 10.8.0.2 అనే చిరునామా మెషిన్‌కి ఉంది. బూట్ అప్పుడు ఆ చిరునామా ఇంకా పుట్టదు. పుట్టని చిరునామా మీద కూర్చుంటానంటే కెర్నల్ ఒప్పుకోదు.

ఎంతసేపు తేడా ఉందో చూడాలనిపించింది. మామూలు టైమ్‌స్టాంపులు నమ్మలేం, ఎందుకంటే ఈ డబ్బాలో మదర్‌బోర్డు మీది బిళ్ళ బ్యాటరీ చచ్చిపోయింది. కరెంటు పోయి లేస్తే గడియారం ఎక్కడో వెనక ఉంటుంది, నెట్ వచ్చాక ఒక్క గెంతు గెంతుతుంది. జర్నల్‌లో షార్ట్ మోనోటోనిక్ అనే పద్ధతి ఉంది, బూట్ అయినప్పటి నుంచి ఎన్ని సెకన్లయిందో చూపిస్తుంది. దాని ప్రకారం ఎస్ఎస్‌హెచ్ 21వ సెకనులో చచ్చింది. వైర్‌గార్డ్‌కి చిరునామా వచ్చింది 127వ సెకనులో.

నూటికి పైగా సెకన్లు వైర్‌గార్డ్ ఏం చేస్తోందంటే, ముంబై వీపీఎస్ పేరుకి ఐపీ కనుక్కోవడానికి ఎదురుచూస్తోంది. కరెంటు వచ్చినప్పుడు మెషిన్, రూటర్ రెండూ ఒకేసారి లేస్తాయి, రూటర్‌కి లైన్ పట్టేసరికి దాదాపు రెండు నిమిషాలు. ఈలోపు పేరు అడిగితే చెప్పేవాళ్ళు లేరు. లాగ్‌లో వరసగా కనిపిస్తుంది: నేమ్ రిజల్యూషన్ ప్రస్తుతానికి విఫలం, 1.00 సెకను తర్వాత మళ్ళీ చూస్తా, 1.20 తర్వాత మళ్ళీ, 1.44, 1.73... ప్రతిసారీ కాస్త ఎక్కువ ఆగుతూ, విసుగు లేకుండా. వైర్‌గార్డ్‌తో వచ్చే సర్వీసు ఫైల్లో ఈ ప్రయత్నాలకి అంతు లేకుండా పెట్టారు. సొరంగానికి చిరునామా తగిలించేది ఈ పేరు దొరికాకే.

మరి అంత ఓపిక ఎస్ఎస్‌హెచ్‌కి ఎందుకు లేదు? దాని సర్వీసు ఫైల్లో రీస్టార్ట్ ఆన్ ఫెయిల్యూర్ ఉంది. పడితే మళ్ళీ లేపమని. కానీ దాని కింద లైనులోనే రీస్టార్ట్‌ప్రివెంట్‌ఎగ్జిట్‌స్టేటస్ 255 అని ఉంది. 255తో పడితే లేపొద్దని. కాన్ఫిగ్ తప్పయితే వందసార్లు లేపినా వందసార్లూ పడుతుంది కదా, అందుకని పెట్టినట్టుంది. మంచి ఉద్దేశమే. కాకపోతే బైండ్ కుదరకపోయినా అదే 255, కాన్ఫిగ్ తప్పయినా అదే 255. ఒకటి శాశ్వతమైన జబ్బు, రెండోది రెండు నిమిషాల్లో తగ్గే జలుబు. రెంటికీ ఒకే చీటీ.

మైనస్ టీ ఎందుకు తప్పు పట్టలేదో కూడా ఇప్పుడు తెలిసింది. అది కాన్ఫిగ్‌లో స్పెల్లింగులు, తాళాల ఫైళ్ళు చూస్తుంది గానీ పోర్టు మీద కూర్చుని చూడదు. 10.8.0.2 అనేది రాతలో తప్పులేని చిరునామాయే.

ఇక రుజువు కావాలి. రిమోట్‌గా రీబూట్ కొట్టి చూద్దామంటే, లేవకపోతే మళ్ళీ తమ్ముడే దిక్కు, వాడికి రేపు స్లిప్ టెస్టు. అందుకని ముందు ఒక ఊతకర్ర పెట్టాను: పనుల్ని టైమ్‌కి మొదలుపెట్టే క్రాన్‌లో, బూట్ అవ్వగానే నడిచే ఎట్ రీబూట్ లైను, ఐదు నిమిషాలు నిద్రపోయి ఎస్ఎస్‌హెచ్ స్టార్ట్ చేయమని. ఆ తర్వాత మూడుసార్లు రీబూట్ కొట్టాను.

మొదటిసారి లేవలేదు, ఐదు నిమిషాలకి ఊతకర్ర లేపింది. రెండోసారి అదే. మూడోసారి మామూలుగా లేచింది!

మూడోసారి లేవడమే నన్ను ఎక్కువ భయపెట్టింది. రూటర్ ముందే నడుస్తోంది కాబట్టి పేరు వెంటనే దొరికింది, వైర్‌గార్డ్ ఒక్క క్షణం ముందు గెలిచింది. జులైలో నేను ఒద్దికగా ఒక్కసారి రీబూట్ చేసి చూసి ఉన్నా, అది ఇలాంటి గెలిచే రోజై ఉంటే, అంతా భేష్ అనుకుని మూసేసేవాణ్ణి.

ఆగస్టు 24, శనివారం

ఏ మందు వేయాలన్నదే ఇవాళ్టి పని. నాలుగు దారులు కనిపించాయి, రెండు వదిలేశాను.

ఎస్ఎస్‌హెచ్‌ని వైర్‌గార్డ్ తర్వాతే మొదలుపెట్టమని ఆఫ్టర్ లైను రాయడం అందరికీ ముందు తట్టేది. పనిచేస్తుంది కూడా. కానీ రూటర్ రెండ్రోజులు పడుకుంటే వైర్‌గార్డ్ రెండ్రోజులు పేరు అడుగుతూనే ఉంటుంది, దాని వెనక ఎస్ఎస్‌హెచ్ రెండ్రోజులు లైన్లో నిలబడుతుంది. నెట్ లేనప్పుడే షాపులోంచి ఎవరైనా లోపలికి వెళ్ళాల్సిన అవసరం పడుతుంది.

255 లైనుని ఖాళీ చేసి, పది సెకన్లకోసారి మళ్ళీ ప్రయత్నించమనడం రెండోది. ఇది నాకు నచ్చింది, అయితే ఒక్కదాన్నే నమ్ముకోవడానికి కాదు.

మూడోది ఐపీ నాన్‌లోకల్ బైండ్ అనే కెర్నల్ సెట్టింగు. దాన్ని 1 చేస్తే లేని చిరునామా మీద కూడా ఎవరైనా కూర్చోవచ్చు. పెట్టి చూశాను, మొదటి రీబూట్‌కే లేచింది. ఒక్క లైను పని. నెట్‌లో చాలామంది దీన్నే వాడుతున్నారు. నేను తీసేశాను. ఎందుకంటే అది ఎస్ఎస్‌హెచ్‌కి మాత్రమే కాదు, మెషిన్‌లోని ప్రతి ప్రోగ్రామ్‌కీ వర్తిస్తుంది. పైగా రేపు నేను 10.8.0.2 బదులు 10.8.0.20 అని రాశాననుకోండి, ఎస్ఎస్‌హెచ్ పచ్చ రంగులో నడుస్తూ కనిపిస్తుంది, లోపలికి మాత్రం ఎవరూ వెళ్ళలేరు. లేవని సర్వీసు కనీసం లేవలేదని చెబుతోంది. లేచినట్టు నటించే సర్వీసుతో నేను వేగలేను.

చివరికి చేసింది నాలుగోది. లిజన్‌అడ్రస్ లైను పూర్తిగా తీసేశాను. ఎస్ఎస్‌హెచ్ అన్ని చిరునామాల మీదా వింటుంది, కాబట్టి బూట్‌లో దేనికోసమూ ఆగదు, దేనికీ అలగదు. ఎవర్ని రానివ్వాలన్నది ఎన్‌ఎఫ్‌టేబుల్స్ ఫైర్‌వాల్ చూసుకుంటుంది: వైర్‌గార్డ్ సొరంగంలోంచి వస్తే రానివ్వు, బిల్లింగ్ కంప్యూటర్ చిరునామా నుంచి వస్తే రానివ్వు, 22కి వచ్చే మిగతావన్నీ పారేయ్. నెట్ పోయినా షాపులోంచి ఒక దారి మిగులుతుంది.

ఫైర్‌వాల్‌తో దూరం నుంచి ఆడుకోవడం అంటే కూర్చున్న కొమ్మని నరుక్కోవడమే. కొత్త రూల్స్ ఎక్కించే ముందు సిస్టమ్‌డీ రన్‌తో ఐదు నిమిషాల టైమర్ పెట్టాను, టైమ్ అయితే రూల్స్ మొత్తం తుడిచేయమని. లోపలికి రాగలిగితే టైమర్ ఆపేస్తాను, రాలేకపోతే ఐదు నిమిషాలు టీ తాగుతాను. టీ తాగాల్సి రాలేదు.

రీబూట్ చేశాను. ఎస్ఎస్‌హెచ్ లేచింది. అలవాటుగా ఫైర్‌వాల్ చూస్తే అది లేవలేదు! రూల్స్ ఒక్కటీ లేవు, 22 వైఫై కుర్రాళ్ళందరికీ బార్లా తెరిచి ఉంది.

ఎర్రర్: ఇంటర్‌ఫేస్ డజ్ నాట్ ఎగ్జిస్ట్. రూల్‌లో నేను ఐఐఎఫ్ అని రాశాను. అది రూల్ ఎక్కించే క్షణంలోనే డబ్ల్యూజీ0 అనే ఇంటర్‌ఫేస్‌ని (వైర్‌గార్డ్ సొరంగం మొనని) వెతికి, దాని నంబరు రాసుకుంటుంది. ఎన్‌ఎఫ్‌టేబుల్స్ లేచేది నెట్‌వర్క్ కంటే ముందు, అప్పటికి ఆ ఇంటర్‌ఫేస్ ఎక్కడిది? ఐఐఎఫ్‌నేమ్ అని రాస్తే నంబరు కాకుండా పేరు గుర్తుపెట్టుకుంటుంది, ఇంటర్‌ఫేస్ ఎప్పుడు పుట్టినా దానికి వర్తిస్తుంది. ఎస్ఎస్‌హెచ్ పడిన గోతిలోనే, వారం తిరక్కుండా, నా చేత్తోనే ఫైర్‌వాల్‌ని కూడా తోశాను. నాలుగు అక్షరాలు చేర్చి మళ్ళీ రీబూట్ చేశాను. ఈసారి రెండూ ఉన్నాయి.

255 లైనుని కూడా ఖాళీ చేసి పది సెకన్ల విరామం పెట్టాను. విరామం ముఖ్యం. అది లేకపోతే సిస్టమ్‌డీ ఒకదాని వెనక ఒకటి గబగబా లేపి చూసి, పది సెకన్లలో ఐదుసార్లు పడేసరికి ఇక నా వల్ల కాదంటుంది. ఇదంతా సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్‌తో వేరే ఫైల్లో పెట్టాను, అసలు సర్వీసు ఫైల్ ముట్టుకోలేదు. ముట్టుకుంటే తర్వాతి అప్‌డేట్‌లో కొట్టుకుపోతుంది.

క్రాన్ ఊతకర్ర తీసేశాను. రాత్రి బండికి తెనాలి.

ఆగస్టు 25, ఆదివారం

రీబూట్ వేరు, కరెంటు పోవడం వేరు. రీబూట్‌లో రూటర్ నడుస్తూనే ఉంటుంది. మెషిన్, రూటర్ కలిసి చచ్చి కలిసి లేస్తేనే అసలు పరీక్ష. అది హైదరాబాద్‌లో కూర్చుని చేయలేను.

ఆదివారం షాపు మధ్యాహ్నం వరకే. బాబాయి గల్లాపెట్టె మూసేదాకా ఆగి, యూపీఎస్ ప్లగ్గు తీసి, డబ్బాని నేరుగా గోడ సాకెట్‌కి పెట్టి, మెయిన్ దగ్గరికి వెళ్ళాను.

"ఏందిరా అబ్బాయ్, కరెంటోళ్ళు తీసేది చాల్లేదా, నువ్వు కూడా తీస్తున్నావు?"

"ఒక్క ఐదు నిమిషాలు బాబాయ్."

"ఫ్యాను లేకుండా ఐదు నిమిషాలంటే ఎంతో తెలుసా నీకు?"

మెయిన్ ఆపాను. ఫ్యాన్ మెల్లగా ఆగింది. గోనెసంచుల మీద వేడి, పురుగుమందుల వాసన ఒక్కసారిగా దగ్గరికొచ్చాయి. నిమిషం తర్వాత మెయిన్ వేశాను. డబ్బా బీప్ అంది. రూటర్ మీద ఒక్కో దీపం వెలుగుతూ వచ్చి, ఇంటర్నెట్ దీపం దగ్గర ఎర్రగా ఆగింది.

ఫోన్‌లో మొబైల్ డేటా మీద వైర్‌గార్డ్ ఆన్ చేసి, సొరంగంలోంచి ఎస్ఎస్‌హెచ్ ప్రయత్నించాను. టైమౌట్. అనుకున్నదే, సొరంగం ఇంకా లేదు. తమ్ముడు ఈలోపు బిల్లింగ్ కంప్యూటర్ నుంచి ప్రయత్నించాడు. నలభై సెకన్లు కూడా కాకముందే వాడికి లాగిన్ పడింది. నెట్ రాకముందే! వాడు నావైపు తిరిగి కనుబొమ్మలెగరేశాడు.

రూటర్ దీపం పచ్చబడింది, ఇంకో పది సెకన్లకి నా ఫోన్‌లో కూడా లాగిన్ వచ్చింది. వైఫైలో ఉన్న ఇంకో ఫోన్ నుంచి 22 తట్టి చూశాను, జవాబు లేదు. ఉండకూడదు కూడా.

ఇంకో రెండుసార్లు మెయిన్ తీసి వేశాను. మూడోసారికి బాబాయి లేచి పైకి వెళ్ళిపోయాడు. మూడుసార్లూ లేచింది.

బజారుకి వెళ్ళి గడియారాల కొట్లో మదర్‌బోర్డుకి కొత్త బిళ్ళ బ్యాటరీ కొన్నాను. యూపీఎస్ బ్యాటరీకి కూడా చెప్పొచ్చాను, వారంలో తెచ్చిపెడతామన్నారు. బుధవారం రాత్రి ఫోన్‌లో చెప్పిన పాస్‌వర్డ్ మార్చేశాను. తమ్ముడికి రెండు బిర్యానీలు ఒకే పూట తీర్చేశాను, తినగలిగాడు.

సెప్టెంబర్ 2, సోమవారం

శనివారం నుంచి కుండపోత. ఆదివారం తెల్లవారేసరికి బెజవాడలో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగిపోయింది. మా పెద్దమ్మ వాళ్ళ ఇల్లు అక్కడే, కింది వాటా నీళ్ళలో ఉంది, వాళ్ళు మేడ మీద ఉన్నారు. మహబూబాబాద్ జిల్లాలో పట్టాలు కొట్టుకుపోయి రైళ్ళు ఆగిపోయాయి. నిన్నంతా ఫోన్లతోనే గడిచింది, సగం కలవలేదు. ఇవాళ మధ్యాహ్నం వాళ్ళు బయటికొచ్చి బంధువుల ఇంటికి చేరారని కబురొచ్చింది.

సాయంత్రం గుర్తొచ్చి తెనాలి మెషిన్‌లోకి వెళ్ళాను. జర్నల్‌లో బూట్‌ల జాబితా చూస్తే శనివారం రాత్రి నుంచి ఇప్పటికి నాలుగు కొత్త బూట్లు. ఒకసారి నెట్ రావడానికి మూడు గంటలు పట్టింది, వైర్‌గార్డ్ ఆ మూడు గంటలూ పేరు అడుగుతూనే ఉంది. ఎస్ఎస్‌హెచ్ నాలుగుసార్లూ 30 సెకన్ల లోపే లేచింది. బ్యాకప్ ఒక రోజుది రాలేదు, ఆ రాత్రి బిల్లింగ్ కంప్యూటరే ఆన్‌లో లేదు.

యూపీఎస్ బ్యాటరీ ఇంకా రాలేదు.